చెంచాడు నిద్ర

మా ఇల్లు, మూడో అంతస్తు
మంగళవారం

వదినకు,

ఆస్పత్రి మెట్ల దగ్గర మీరు పిలిస్తే నేను ఆగలేదు. ఆగి ఉంటే నోటికి వచ్చినదంతా అనేసేదాన్ని. ఇంటికి వచ్చాక మీరు చేసిన ఫోన్లు కూడా అందుకే ఎత్తలేదు. ఫోన్లో నేను అరుస్తాను, మీరు పెట్టేస్తారు. కాగితం అయితే చివరిదాకా చదవక తప్పదు మీకు.

నా పిల్ల, పిచ్చుక, బాగానే ఉంది. అడిగే హక్కు మీరు పోగొట్టుకున్నారు కాబట్టి నేనే చెబుతున్నాను. పాలు తాగుతోంది, చెప్పులు దొరికితే నోట్లో పెట్టుకుంటోంది, మళ్ళీ కిచకిచలు మొదలెట్టింది. బాగోలేనిది నేను. అది పడుకుంటే చాలు, పక్కన కూర్చుని పొట్ట లేచి పడుతోందా లేదా అని చూస్తున్నాను. కాస్త ఎక్కువసేపు పడుకుంటే లేపేస్తున్నాను. నిద్ర చెడి ఏడుస్తుంది పాపం. ఆ ఏడుపు వింటే గానీ నా ప్రాణం కుదుటపడడం లేదు.

నేను ఏం అడిగాను మిమ్మల్ని? డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్ళం శిక్షణకు వెళ్ళి రాకపోతే లైసెన్సు పొడిగించరు. మీ తమ్ముడికి ఆ వారమే పెద్ద హాల్లో మైకులు బిగించే పని. "అక్క కంటే బాగా ఎవరు చూస్తారు, నేనే బస్సులో తీసుకెళ్ళి దింపేసి వస్తాను" అన్నాడు. నాకూ అదే అనిపించింది. సంచిలో పాలసీసాలు, గుడ్డలు, టోపీ, అన్నీ సర్దాను. మందు మాత్రం పెట్టలేదు. ముక్కు కారుతోంది, ఉప్పునీటి చుక్కలు వేస్తే చాలు అని మీకు ఫోన్లో చెప్పాను. మీరు "నాకు చెప్తావా" అని నవ్వారు.

నేను వచ్చేసరికి దాని ముక్కుకు గొట్టం, చేతికి సూది. ఒళ్ళంతా ఎర్రగా కాలిపోతోంది, గుండె పరిగెడుతోంది, కళ్ళు మాత్రం తెరవదు. పేరు పెట్టి పిలిచాను, గిచ్చాను కూడా. నా కూతురు నన్ను చూడలేదు. డాక్టరమ్మ చెప్పింది, ఇది అలర్జీకి వాడే మందు, ఏడాది నిండని పిల్లకు ఒకసారి కూడా పడకూడదు, రెండుసార్లు పడింది అని. ఎవరు వేశారని నేను అడిగాను. ఆవిడ నోరు తెరిచేలోపే మీరు "నేనే" అన్నారు.

ఒకటి చాలలేదా వదినా? ఇంకా కదులుతోందని రెండోది పోశారా? మీ కళ్ళజోళ్ళ షాపులో బేరాలు ఉన్నాయా ఆ రోజు?

ఒక సంగతి ముందే చెబుతున్నాను, వేరేవాళ్ళ ద్వారా తెలియడం ఎందుకు. మీ పెద్దమ్మకి చెప్పాను. మీ బాబాయి కోడళ్ళకీ చెప్పాను. ఎవరూ వాళ్ళ పిల్లల్ని మీ ఇంట్లో వదలొద్దని చెప్పాను.

పిచ్చుక తల్లి


కళ్ళజోళ్ళ షాపు
శుక్రవారం, మధ్యాహ్నం

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను. ఒకటికి రెండుసార్లు చదివాను, నీకు అది సంతోషమైతే.

వేసింది నేనే. ఎందుకు వేశానో నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పిల్ల పొట్ట మీద, తొడల మీద దద్దుర్లు. గోక్కోవడం రాక మెలికలు తిరుగుతోంది. మా అబ్బాయికి చిన్నప్పుడు ఇలాగే వచ్చేవి. వాడికి డాక్టరు రాసిన దురద మందు అలమారలో ఉంది. దానిలోంచే వేశాను. నిద్రపుచ్చడానికి కాదు. బేరాల కోసం అసలే కాదు. ఆ రోజు షాపు మూసే ఉంచాను, కావాలంటే పక్కన తాళాలు బాగుచేసేవాణ్ణి అడుగు.

వేశాక భుజం మీద వేసుకుని తిరిగాను. పడుకుంది. సాయంత్రం పాలు పట్టబోతే పెదవి కదపలేదు. చెయ్యి ఎత్తితే చెయ్యి గుడ్డపేలికలా పడిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. దారిలో ఎవరి కారు ఆపానో, ఏమని ఆపానో నాకు గుర్తులేదు. ఇవి నీ ఉత్తరంలో లేవు.

రెండోసారి సంగతంటావా, నువ్వు ఏమనుకుంటే అదే అనుకో.

నలుగురు పిల్లల్ని పెంచిన చేతులు ఇవి. నీ మొగుణ్ణి పెంచింది కూడా ఈ చేతులే. మా అమ్మ పోయేనాటికి వాడికి సరిగ్గా మాటలు రావు. అప్పుడు నాకు ఎవరూ పుస్తకం ఇచ్చి చదువుకోమనలేదు. జలుబంటే ఒక మందు, దురదంటే ఒక మందు, ఇంట్లో ఉన్నది ఇంట్లో వాడుకున్నాం. అందరూ బతికే ఉన్నారు.

పెద్దమ్మకి చెప్పానన్నావు. మంచిది. ఇక ఎవరికీ చెప్పే శ్రమ నీకు లేదు. ఆవిడకి చెప్తే అందరికీ చెప్పినట్టే.

నీ వదిన


మా ఇల్లు
ఆదివారం

వదినకు,

అందరూ బతికే ఉన్నారు అని రాశారు. ఆ మాట చదివి ఉత్తరం నలిపి చెత్తబుట్టలో పడేశాను. మళ్ళీ తీసి చదివాను, ఇంకేమైనా ఉందేమోనని. క్షమించు అన్న ఒక్క ముక్క ఉందేమోనని. లేదు.

నిన్న పిచ్చుకను ఇక్కడి పిల్లల డాక్టరుకు చూపించాను. ముసలాయన, తొందరపడి మాట్లాడడు. జరిగింది చెప్పాను. ఎంత వేశారని అడిగాడు. చెంచాడు అన్నాను. ఏ చెంచా అన్నాడు. ఏ చెంచా వదినా? సీసాతో వచ్చే గీతల కప్పా, సిరంజీనా, లేక కూర కలిపే చెంచానా? ఆయన బల్ల సొరుగులోంచి మూడు చెంచాలు తీసి నీళ్ళు పోసి చూపించాడు. మూడూ చెంచాలే. ఒకదాంట్లో పట్టింది ఇంకొకదాంట్లో సగం కూడా లేదు.

"పెద్ద పిల్లాడికి రాసిన మందు చిన్నపిల్లకి వేయడం ఒక తప్పు, చేతికందిన చెంచాతో వేయడం రెండో తప్పు" అన్నాడు. "మందు కొలిచేది పిల్ల బరువును బట్టి. అది కూడా డాక్టరు చూసి చెప్పాక. ఈ పాత రకం అలర్జీ మందులు ఇంత పసిపిల్లలకు మేం రాయం. ఊపిరి నెమ్మదించిపోవచ్చు. కొందరు పడుకోరు, పిచ్చెత్తినట్టు ఎగురుతారు, ఫిట్స్ కూడా రావచ్చు."

"మరి దద్దుర్లు వస్తే చూస్తూ ఊరుకోవాలా" అని అడిగాను. మీ తరఫున అడిగాను, చూడండి నా ఖర్మ.

"ఫోన్ చేయండి, తీసుకురండి. అవసరమైతే ఆ వయసుకు పనికొచ్చే మందు, ఎంత వేయాలో కొలిచి నేను రాస్తాను. పెదవులు వాచినా, వాంతులైనా, పిల్లి కూతలా ఊపిరి వచ్చినా, నాకు ఫోన్ కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికి. అప్పుడు సిరప్ వేసి కూర్చుంటే ప్రాణం పోతుంది."

ఊళ్ళోవాళ్ళకి చీమ తలంత అక్షరాలు చదువుకోవడానికి అద్దాలు బిగించి ఇస్తారు మీరు. ఆ సీసా మీద రెండేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని ఉంటుందట. అది చదవడానికి మీ ఇంట్లో ఒక్క కళ్ళజోడు లేకపోయిందా?

నేను కారు నేర్పేటప్పుడు మొదటిరోజు స్టీరింగ్ ఇవ్వను. అద్దాలు చూడడం నేర్పుతాను. వెనక ఏం వస్తోందో చూడకుండా బండి కదిపేవాణ్ణి దింపేస్తాను. మిమ్మల్ని కూడా దింపేశాను అనుకోండి.

"నువ్వు ఏమనుకుంటే అదే అనుకో" అని రాశారు. అది జవాబు కాదు. రెండోసారి ఎందుకు వేశారు, ఎప్పుడు వేశారు? మీ తమ్ముణ్ణి అడిగితే "అక్కని ఇంకా ఎందుకు తవ్వుతావు, జరిగిందేదో జరిగింది, పిల్ల బాగుంది కదా" అంటాడు. ఆయనకి మీరంటే అంత ప్రేమ. నాకు ఆయన మీద కూడా ఒళ్ళు మండుతోంది.

పిచ్చుక తల్లి


షాపు
గురువారం

అమ్మాయ్,

కూర చెంచా. చాలా?

సీసా మీద రాసింది చదవలేదు. అదీ నిజమే. ఇన్నేళ్ళుగా వాడుతున్న మందును మళ్ళీ చదవాలని ఎవరికి తోస్తుంది? నాకు తోచలేదు. నువ్వు ఆ మాట రాశాక షాపులో ఎవరికి అద్దాలు పెట్టి "కింది వరుస చదవండి" అంటున్నా నీ మొహమే కనిపిస్తోంది. నీకు తృప్తిగా ఉండాలి.

నీ మాట బాగానే పనిచేసింది. మొన్న బాబాయి చిన్న కోడలు ఫ్రేము మార్పించుకోవడానికి వచ్చింది. దాని కొడుకు నన్ను చూసి చేతులు చాచాడు. ఎప్పుడూ నేను ఎత్తుకుంటాను వాణ్ణి. అది వాణ్ణి వెనక్కి లాక్కుంది. లాక్కుని నవ్వింది, మర్యాదగా. "వీడికి కొత్త, వదినా" అంది. పురిటి నుంచి నా ఒళ్ళో పడుకున్నవాడికి నేను కొత్త.

ఫ్రేము బిగించి ఇచ్చాను. మర ఒకటి కింద పడింది. దాన్ని వెతుక్కుంటూ బల్ల కిందే కాసేపు కూర్చున్నాను, ఆ కోడలు వెళ్ళిపోయేదాకా.

మిగతా ప్రశ్న మళ్ళీ అడగకు. ఇక రాయకు. రాసినా నేను రాయను.

వదిన


మా ఇల్లు
బుధవారం

వదినకు,

రాయొద్దన్నారు. నెల దాటింది, రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు. ఈసారి తిట్టడానికి కాదు, అడగడానికి. మీరు జవాబు ఇచ్చేదాకా నేను నిద్రపోను.

ఈ పూట పిచ్చుకకు ఉప్పునీటి చుక్కలు అయిపోతే మా వీధి చివర మందుల షాపుకు వెళ్ళాను. ఎప్పుడూ నేను స్కూటర్ దిగకుండానే అడుగుతాను, ఆయన అక్కడి నుంచే అందిస్తాడు. ఈసారి పిల్ల చంకలో ఉంది, లోపలికి వెళ్ళాను. ఆయన పిచ్చుక బుగ్గ మీద వేలు పెట్టి "ఈ బుజ్జిదానికేనా, ఆ రోజు జలుబు మందు తీసుకెళ్ళింది? తగ్గిందా అమ్మా?" అన్నాడు.

"ఏ రోజు" అన్నాను.

"సారు వచ్చారు కదా, ఊరు తీసుకెళ్తున్నాను, బస్సులో ఏడుస్తుందేమో, జలుబు కూడా ఉంది అన్నారు." అంటూనే దాన్ని తేరిపార చూశాడు. ఆయన మొహం మారింది. "పాపకి ఎన్నేళ్ళమ్మా?"

"ఏడాది ఇప్పుడిప్పుడే నిండింది."

"సారు మూడేళ్ళన్నారు."

ఆ సీసా చూపించమన్నాను. తెచ్చి పెట్టాడు. మీరు వేసిన దురద మందు పేరు చెప్పి, అది కూడా తెమ్మన్నాను. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాని మీద పూలు, ఒకదాని మీద ఎలుగుబంటి. ఒకటి జలుబుకి, ఒకటి దురదకి. పేర్లకి సంబంధమే లేదు. "లోపల ఏముందో ఎక్కడ ఉంటుంది" అని అడిగితే వెనక్కి తిప్పి గోరుతో చూపించాడు. రెండింట్లోనూ క్లోర్‌ఫెనిరమిన్ అని ఒకటే మందు రాసి ఉంది. జలుబు సీసాలో దానితోపాటు ఇంకోటి కూడా ఉంది.

"పెద్దపిల్లలకైనా ఈ రెండూ కలిపి ఇవ్వకూడదమ్మా" అన్నాడు ఆయన. గొంతు తగ్గించి అన్నాడు, నేను ఏడుస్తానని భయపడ్డట్టున్నాడు. "నేను పాపని చూపించమని అడగాల్సింది." అడగాల్సింది నిజమే. ఆ మాట ఆయనతో అన్నాను కూడా, ఇంకా నాలుగు మాటలు కలిపి. పక్కన మందులు కొనుక్కునేవాళ్ళు తప్పుకున్నారు.

వదినా, మీరు వేసింది ఒక్కసారే కదా? రెండోది మీది కాదు కదా? మీ దగ్గరికి వచ్చేటప్పటికే పిల్ల పడుకుని ఉందా?

మీకు తెలుసా ఈ సంగతి? తెలిసి ఊరుకున్నారా?

మీ తమ్ముడు ఇంకా పనిలోంచి రాలేదు. మీ జవాబు అందేదాకా ఆయన్ని ఏమీ అడగను. అడిగితే ఏదో ఒక నవ్వు నవ్వి, ఏదో ఒకటి చెప్తాడు, నేను నమ్ముతాను. ఈసారి నమ్మదలచుకోలేదు. ఎదురుగా కూర్చుని అన్నం పెడుతూ అన్ని రోజులు నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. త్వరగా రాయండి.

పిచ్చుక తల్లి


మా ఇల్లు
శనివారం

అమ్మాయ్,

తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఇప్పుడు విను. ఇన్నాళ్ళూ నువ్వు రాశావు, నేను చదివాను. ఇప్పుడు నా వంతు.

బస్టాండులో పిల్లని నా చేతిలో పెట్టేటప్పటికే అది మత్తుగా ఉంది. "బస్సు ఊపుకి పడుకుందక్కా" అన్నాడు. నమ్మాను. వాడు ఏం చెప్పినా నమ్మడం నాకు అలవాటు. సంచి భుజాన తగిలించి, వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కాస్త కళ్ళు తెరిచింది, దద్దుర్లు కనిపించాయి, నేను మందు వేశాను. ఒక్కసారి. కూర చెంచాతో. అది నా తప్పు, దాన్ని నేను ఎవరి మీదికీ నెట్టను. నువ్వు అడిగిన క్షమాపణ కూడా దానికి ఇప్పుడే చెప్తున్నాను. ముందే చెప్పాల్సింది. చెప్పడం మొదలుపెడితే మిగతాది కూడా బయటికి వచ్చేస్తుందని నోరు కట్టేసుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, ఒక్క చెంచాకి ఇంత మత్తు అనుమానంగా ఉంది, ఇంకెవరైనా ఏమైనా వేశారా అని. వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, పిల్ల కళ్ళు తెరవట్లేదు, ఏం వేశావో చెప్పి చావు" అన్నాను. అప్పుడన్నాడు, "జలుబు మందు వేశానక్కా. బస్సులో అందరూ చూస్తున్నారు, ఊరుకోవట్లేదు, వేస్తే పడుకుంటుందని వాళ్ళెవరో అన్నారు." ఫోన్ తీసుకెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఎంత వేశాడు, ఎప్పుడు వేశాడు, అన్నీ ఆవిడే అడిగింది. వాడు చెప్పాడు. కాబట్టి పిల్ల వైద్యంలో ఏమీ దాచలేదు. అంత పాపిష్టిదాన్ని కాను. నీకు కూడా ఆవిడ వివరంగా చెప్పబోయింది. నేనే అడ్డం పడ్డాను.

ఎందుకంటే ఫోన్ వెనక్కి తీసుకునేసరికి వాడు ఏడుస్తున్నాడు. "అక్కా, దానికి చెప్పకు. నన్ను వదిలేసి పోతుంది" అన్నాడు. సరే అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చిన్నప్పుడు వాడు ఏం పగలగొట్టినా నేనే పగలగొట్టానని చెప్పేదాన్ని. నాన్న చెయ్యి నా మీద పడేది, వాడు తలుపు వెనక నిలబడి చూసేవాడు. మర్నాడు నాకు పూలో పళ్ళో తెచ్చి ఇచ్చేవాడు. అంతటితో సరిపోయేది మా ఇద్దరికీ.

ఈసారి సరిపోలేదు అమ్మాయ్. ఏదో తిట్టి ఊరుకుంటావులే అనుకున్నాను. నువ్వు ఇల్లిల్లూ చెప్పావు. వాడు పక్కనే ఉన్నాడు కదా నువ్వు ఫోన్లు చేస్తున్నప్పుడు? అన్నం తింటూ విన్నాడు కదా? అక్కని వదిలెయ్ అని నా తరఫున జాలి కూడా పడ్డాడు. అది నువ్వు రాస్తే చదివి, ఆ రోజు షాపు తెరవలేదు. వాడిమీద నాకు ఎప్పుడూ ఇంత కోపం రాలేదు. వాణ్ణి పెంచింది నేనే కాబట్టి నా మీద నాకు కూడా వచ్చింది.

నీ మీద కూడా ఉంది. నేనే అనగానే ఎంత సుళువుగా నమ్మావు. ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నావు నన్ను. ఏడుస్తోందని పసిపిల్ల నోట్లో రెండోసారి మందు పోసే మనిషిలా కనిపించానా నీకు?

వాడికి ఫోన్ చేసి నీకు తెలిసిపోయిందని చెప్పలేదు. ఈసారి వాణ్ణి నేను కాపాడను.

నీ వదిన


మా ఇల్లు
సోమవారం

వదినా,

ఉత్తరం అందిన సాయంత్రమే అడిగాను. పిచ్చుకను పక్కింటివాళ్ళ దగ్గర ఉంచి వచ్చి, మీ తమ్ముడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మందుల షాపాయన చెప్పింది చెప్పాను. మీరు రాసింది చదివాను. ముందు నవ్వబోయాడు. నేను నవ్వకపోయేసరికి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నీకు చెప్పడానికి భయం వేసింది" అన్నాడు.

"మూడేళ్ళని అబద్ధం చెప్పేటప్పుడు నేను అక్కడ లేనుగా. అప్పుడు ఎవరంటే భయం?"

"నిజం చెప్తే ఇవ్వడేమోనని."

వదినా, ఆ మాట విన్నాక నా కోపం ఒక్కసారిగా చల్లారిపోయింది, అంతకంటే ఘోరమైనదేదో వచ్చింది. ఇవ్వరని తెలుసు ఈయనకి. ఎందుకు ఇవ్వరో ఆలోచించలేదు. బస్సులో నలుగురు మొహాలు చిట్లించారని పిల్ల నోరు మూయించాడు. ఏడ్చే పిల్లని ఎత్తుకుని నిలబడడానికి సిగ్గుపడి, పడుకోబెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు ఒకావిడ "ఎంత బుద్ధిమంతురాలో" అందట. అది కూడా చెప్పాడు నాకు.

వదిలేసి పోతానేమోనని భయపడ్డాడు కదా. రెండు రోజులు మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చానో అడగకండి, నాకే ఇంకా సరిగ్గా తెలియదు. వస్తూ ఒక్క షరతు పెట్టాను. నేను ఎవరెవరికి ఏం చెప్పానో, వాళ్ళందరికీ అసలు సంగతి ఆయన నోటితోనే చెప్పాలి.

నిన్న మీ పెద్దమ్మ పుట్టినరోజు భోజనాలు. మిమ్మల్ని పిలవలేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నా పుణ్యమే. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఈయన్ని లేచి నిలబడమన్నాను. ఊరందరికీ మైకులు పెట్టే మనిషి, గొంతు పక్క కుర్చీ దాకా కూడా వెళ్ళలేదు. "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అన్నాను. మీ పెద్దమ్మ "తినేవేళ ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా, పోనిద్దూ" అంది. "వదిన మీద చెప్పినప్పుడు మీరు పోనివ్వలేదు కదా అత్తయ్యా" అన్నాను. అప్పుడు అందరూ తినడం ఆపారు. చెప్పాడు. బస్సు సంగతి, అబద్ధం సంగతి, మిమ్మల్ని బతిమాలిన సంగతి, అన్నీ. చివర గ్లాసు కోసం చెయ్యి చాచాడు. నేను నీళ్ళు అందించలేదు.

తరవాత నేను లేచాను. పోసింది రెండుసార్లూ మీరేనని అడగకుండా, కనుక్కోకుండా ఇంటింటికీ చెప్పింది నేనేనని, అది తప్పని చెప్పాను. కూర చెంచా తప్పు మీదేనని కూడా చెప్పాను. అది దాచను. మీరూ దాచమనరు.

చేతులు కడుక్కునే చోట మీ బాబాయి చిన్న కోడలు నా పక్కకి వచ్చింది. "అక్కా, రైల్లో వెళ్ళేటప్పుడు మావాడికి నేను కూడా కొంచెం అదే వేస్తాను. అందరూ వేస్తారు కదా" అంది. మీ ఒళ్ళోంచి పిల్లాణ్ణి లాక్కున్నది ఆవిడే. నాకు నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. ముసలి డాక్టరు చెప్పినదంతా నీళ్ళ పంపు దగ్గరే నిలబడి చెప్పాను. నిద్ర కోసం అసలు వద్దని, ఏ మందైనా సీసా వెనక తిప్పి లోపలేముందో చూడమని, ముందు ఎవరైనా ఏమైనా వేశారా అని అడగమని. మొహం పాలిపోయి విన్నది.

మీ మీద కోపం పూర్తిగా పోలేదు వదినా. కానీ ఇన్నాళ్ళూ మీ మీద పెట్టుకున్న దాంట్లో పెద్ద భాగం మీది కాదు. అది మీ నెత్తిన ఉంచినందుకు నన్ను క్షమించండి. అది అలా ఉండనిచ్చినందుకు మాత్రం మిమ్మల్ని నేను క్షమించలేకపోతున్నాను. నాకు చెప్పాల్సింది. నేను దాని తల్లిని.

ఈ శనివారం మీ తమ్ముణ్ణి మీ దగ్గరికి పంపుతున్నాను. ఏం చేస్తారో మీ ఇష్టం.

మీ మరదలు


షాపు
మంగళవారం, మూసే వేళ

అమ్మాయ్,

వాడు వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి. దాన్ని గడప అవతలే పెట్టించాను. "అది తీసుకుని లోపలికి రాకు" అన్నాను. అర్థమైంది వాడికి.

రోజంతా షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. నేను పలకరించలేదు. వచ్చినవాళ్ళు "తమ్ముడా" అని అడిగితే "ఆ" అన్నాను, అంతే. మధ్యాహ్నం బాబాయి చిన్న కోడలు వచ్చింది, పని లేకుండానే. కొడుకుని తెచ్చి నా బల్ల మీద కూర్చోబెట్టింది. వాడు నా అద్దాల డబ్బా మొత్తం కింద పోశాడు. మీ ఆయన కిందకి దిగి ఒక్కొక్కటీ ఏరాడు.

వెళ్ళేముందు అన్నాడు, "అక్కా, ఇంకెప్పుడూ నన్ను కాపాడకు." అనేసి ఏడ్చాడు. ఏడుస్తుంటే దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. నాకు ఎంత కష్టమైందో నీకు తెలియదు. వాడు మెట్లు దిగాక తలుపు మూసి నేను ఏడ్చాను.

నీకు చెప్పాల్సిందన్నావు. చెప్పాల్సింది. నీ కాపురం నిలబెడుతున్నాననుకున్నాను, నీ కళ్ళకి గంతలు కడుతున్నాననుకోలేదు. నువ్వు క్షమించకపోయినా ఫరవాలేదు. నువ్వు అడిగిన క్షమాపణ కూడా నాకు అందింది, దాన్ని ఏం చేయాలో నాకూ ఇంకా తెలియదు. బల్ల కింద కూర్చున్న ఆ రోజు అంత తొందరగా పోయేలా లేదు.

పాత మందులన్నీ తీసి మందుల షాపులో ఇచ్చేశాను, పారేసే పద్ధతి వాళ్ళకి తెలుసని. జ్వరం మందు ఒకటే ఉంచాను. అది కూడా మా అబ్బాయి బరువుకి ఎంతో డాక్టరుతో చెప్పించుకున్నాను. ఇది నీ మెప్పు కోసం రాయడం లేదు.

నీకు మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు ఊరు వెళ్ళాల్సి వస్తుంది. అప్పుడు పిల్లని నా దగ్గర వదలమని నేను అడగను, వదులుతానని నువ్వూ అనకు. ఇప్పుడే ఇద్దరికీ చేతకాదు. కానీ ఆదివారం షాపు ఉండదు. పిచ్చుకను తీసుకుని నువ్వే రా. వాణ్ణి కూడా తీసుకురా. పిల్లని బస్సులో వాడు ఎత్తుకోవాలి, నువ్వు కాదు. దారి పొడుగునా ఏడిస్తే ఏడవనీ. బస్సులోవాళ్ళు చూస్తే చూడనీ. నేను స్టాండులో నిలబడి ఉంటాను. దూరం నుంచే దాని గొంతు వినపడాలి నాకు.

నీ వదిన